భాగం – 11: దక్షిణ కొరియా విశ్వవిద్యాలయాల్లో విదేశీ విద్యార్థిగా చదువు

విషయక్రమం

11.0 ఉద్దేశాలు
11.1 పరిచయం
11.2 కొరియా విదేశీ విద్యార్థులను ఎందుకు ఆహ్వానిస్తోంది?
11.3 ప్రవేశ మార్గాలు
11.4 భాష – అసలైన ప్రవేశద్వారం
11.5 సెమిస్టర్ నడిచే తీరు
11.6 వీసా, ఖర్చు, పని
11.7 దూరవిద్య అభ్యాసకులు ప్రత్యేకంగా గమనించవలసినవి
11.8 సారాంశం
11.9 కీలక పదాలు
11.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
11.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

11.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• దక్షిణ కొరియా విదేశీ విద్యార్థుల సంఖ్యను పెంచాలనుకోవటానికి కారణాలను వివరించగలుగుతారు.
• అక్కడి విశ్వవిద్యాలయాల్లో చేరే వివిధ మార్గాలను పోల్చి చూడగలుగుతారు.
• కొరియన్ భాష తెలుగువారికి ఎక్కడ సులువో, ఎక్కడ కష్టమో చెప్పగలుగుతారు.
• సెమిస్టర్, హాజరు, గ్రేడుల పద్ధతిని వివరించగలుగుతారు.
• ఫీజు, పని గంటలను స్వయంగా లెక్క వేసుకొని నిర్ణయం తీసుకోగలుగుతారు.

11.1 పరిచయం

విదేశాల్లో చదువు అనగానే మనకు ముందుగా అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా గుర్తుకు వస్తాయి. ఈ దేశాలకు వెళ్ళే విద్యార్థి తరగతి గదిలోనూ, బజారులోనూ, ఆసుపత్రిలోనూ ఇంగ్లీషుతో పని జరుపుకోగలడు. దక్షిణ కొరియా అటువంటి దేశం కాదు. అక్కడ పాలన, వ్యాపారం, ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు పత్రాలు, ఎక్కువ భాగం బోధన కొరియన్ భాషలోనే సాగుతాయి.

ఆ దేశం తెలుగువారికి పూర్తిగా కొత్తదేమీ కాదు. పెనుకొండ సమీపంలో కియా సంస్థ 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభించింది. హ్యుందాయ్ సంస్థకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. కొరియన్ ధారావాహికలు, పాటలు మన ఇళ్ళలోకి వచ్చాయి. 2020 నాటి జాతీయ విద్యా విధానం మాధ్యమిక స్థాయిలో నేర్చుకోదగిన విదేశీ భాషల్లో కొరియన్‌ను కూడా పేర్కొన్నది. ఈ పరిచయం వల్ల ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి విద్యార్థులు 'కొరియాలో చదవవచ్చా?' అని అడుగుతున్నారు.

చదవవచ్చు. అయితే ప్రవేశం పొందటం వేరు, పట్టా పుచ్చుకొని బయటికి రావటం వేరు. ఈ రెండింటికీ మధ్య కొరియన్ భాష ఉన్నది. దానిని ముందుగా లెక్కలోకి తీసుకున్న విద్యార్థికి కొరియా మంచి అవకాశం. వెళ్ళిన తరవాత చూసుకుందాం అనుకున్న విద్యార్థి డబ్బును, ఒకటి రెండు సంవత్సరాల కాలాన్ని కోల్పోయే ప్రమాదం ఉన్నది. ఈ భాగంలో మనం చర్చించే అంశాలన్నీ ఈ విషయం చుట్టూనే తిరుగుతాయి.

11.2 కొరియా విదేశీ విద్యార్థులను ఎందుకు ఆహ్వానిస్తోంది?

దక్షిణ కొరియాలో చదువుకు ఎంత విలువ ఇస్తారో తెలియాలంటే అక్కడి కళాశాల ప్రవేశ పరీక్షను చూడాలి. ప్రతి సంవత్సరం నవంబరులో జరిగే ఈ పరీక్షను 'సునుంగ్' అంటారు. ఆ రోజు ఇంగ్లీషు శ్రవణ పరీక్ష జరిగే సమయంలో శబ్దం రాకుండా విమానాలు ఎగరటాన్ని, దిగటాన్ని కూడా నిలిపివేస్తారు. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం, కొరియా విశ్వవిద్యాలయం, యోన్సే విశ్వవిద్యాలయం – ఈ మూడింటిలో సీటు కోసం పోటీ తీవ్రంగా ఉంటుంది.

ఇంత పోటీ ఉన్న దేశం బయటివారిని ఎందుకు పిలుస్తున్నది? దీనికి ప్రధాన కారణం జనాభా. 2023లో కొరియాలో ఒక స్త్రీకి పుట్టే పిల్లల సగటు 0.72కు పడిపోయింది. జనాభా స్థిరంగా ఉండాలంటే ఈ సగటు దాదాపు 2.1 ఉండాలి. పిల్లలు తగ్గటంతో కళాశాలలో చేరే వయసువారూ తగ్గుతున్నారు. సియోల్‌లోని పేరున్న విశ్వవిద్యాలయాలకు ఈ ఇబ్బంది అంతగా లేదు. రాజధానికి దూరంగా ఉన్న విశ్వవిద్యాలయాల్లో మాత్రం సీట్లు మిగిలిపోతున్నాయి. ఈ నేపథ్యంలో కొరియా ప్రభుత్వం 2027 నాటికి 3 లక్షల మంది విదేశీ విద్యార్థులను చేర్చుకోవాలన్న లక్ష్యాన్ని 2023 ఆగస్టులో ప్రకటించింది.

ఇక్కడ మీరు ఒక తేడాను గుర్తించాలి. విదేశీ విద్యార్థిని అతని ప్రతిభ చూసి పిలిచే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఖాళీ సీటు నింపుకోవటానికి పిలిచేవీ ఉన్నాయి. రెండింటి కరపత్రాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఈ తేడా తెలుసుకోవటానికి ఒక సాధనం ఉన్నది. విదేశీ విద్యార్థుల చేరిక, నిర్వహణ సక్రమంగా ఉన్న విశ్వవిద్యాలయాలకు కొరియా విద్యా మంత్రిత్వ శాఖ గుర్తింపు ఇచ్చి, ఆ జాబితాను ఏటా ప్రకటిస్తుంది. విద్యార్థులు మధ్యలో చదువు మానేసి అక్రమంగా ఉండిపోవటం ఎక్కువగా జరిగే సంస్థలకు వీసాల జారీలో ఆంక్షలు విధిస్తుంది. మీరు ఎంచుకున్న సంస్థ ఏ జాబితాలో ఉన్నదో దరఖాస్తు చేసేముందే చూసుకోవాలి. కన్సల్టెన్సీ చెప్పిన మాట ఈ జాబితాకు ప్రత్యామ్నాయం కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: సమాధానాన్ని మీ సొంత మాటల్లో రాసి, భాగం చివర ఇచ్చిన సమాధానంతో పోల్చుకోండి.
1. కొరియాలో సీట్ల కోసం పోటీ, సీట్ల మిగులు రెండూ ఒకేసారి ఎలా ఉన్నాయి?

11.3 ప్రవేశ మార్గాలు

విదేశీ విద్యార్థులు సునుంగ్ పరీక్ష రాయనవసరం లేదు. తల్లిదండ్రులిద్దరూ, విద్యార్థి కొరియా పౌరులు కానప్పుడు ప్రత్యేక విభాగం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. మార్కులు, భాషా ధ్రువపత్రం, అధ్యయన ప్రణాళిక, కొన్నిచోట్ల మౌఖిక పరీక్ష ఆధారంగా ఎంపిక జరుగుతుంది. కళాశాల విద్యార్థికి అందుబాటులో ఉన్న ముఖ్య మార్గాలు ఇవి:

(అ) భాషా శిక్షణ: అనేక విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా కొరియన్ భాషా సంస్థలు ఉన్నాయి. వీటిలో సాధారణంగా ఒక్కో స్థాయి 10 వారాలు, 200 గంటలు ఉంటుంది. సంవత్సరానికి నాలుగు విడతలు. మొత్తం ఆరు స్థాయిలు. దీనికి డి-4 రకం వీసా ఇస్తారు. ఇది డిగ్రీ కాదు, డిగ్రీకి ముందు మెట్టు.

(ఆ) మార్పిడి విద్యార్థి: మీ కళాశాలకు కొరియాలోని ఒక విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఉంటే ఒకటి లేదా రెండు సెమిస్టర్లు అక్కడ చదివి, ఆ క్రెడిట్లను ఇక్కడికి బదిలీ చేసుకోవచ్చు. సాధారణంగా ట్యూషన్ ఫీజు మీ సొంత కళాశాలకే కడతారు. కొరియా తమకు సరిపడుతుందో లేదో తక్కువ నష్టంతో తెలుసుకోవాలనుకునేవారికి ఇది మంచి మార్గం.

(ఇ) డిగ్రీలో నేరుగా చేరిక: 12 సంవత్సరాల పాఠశాల విద్య పూర్తిచేసినవారు మొదటి సంవత్సరంలో చేరవచ్చు. డిగ్రీ నాలుగు సంవత్సరాలు. రెండేళ్ళ కళాశాల చదువు పూర్తిచేసినవారికి మూడో సంవత్సరంలో చేరే అవకాశాన్ని చాలా విశ్వవిద్యాలయాలు ఇస్తాయి. అయితే ఏ సబ్జెక్టులను ఒప్పుకోవాలన్నది ఆ విభాగం నిర్ణయిస్తుంది.

(ఈ) ప్రభుత్వ ఉపకార వేతనం: గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ పథకంలో విమాన ఛార్జీ, ట్యూషన్ ఫీజు, నెలవారీ భత్యం ఇస్తారు. కొరియా ప్రభుత్వం 1967 నుంచి విదేశీ విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తున్నది. డిగ్రీ విభాగంలో 25 ఏళ్ళలోపువారు అర్హులు. రాయబార కార్యాలయం ద్వారా గాని, పథకంలో ఉన్న విశ్వవిద్యాలయం ద్వారా గాని దరఖాస్తు చేయాలి. ఎంపికైనవారు ముందుగా ఒక సంవత్సరం కొరియన్ నేర్చుకుంటారు. తరవాత నాలుగేళ్ళ డిగ్రీ. ప్రభుత్వం తన డబ్బుతో పిలిచినవారికి కూడా ముందు భాషే నేర్పుతున్నదని గమనించండి.

దరఖాస్తు సమయాలు: కొరియాలో విద్యా సంవత్సరం మార్చిలో మొదలవుతుంది. మార్చి చేరికకు అంతకు ముందు శరదృతువులోనూ, సెప్టెంబరు చేరికకు వేసవి రాకముందు నుంచీ దరఖాస్తులు తీసుకోవటం పరిపాటి. మన ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన వెంటనే హడావుడిగా సెప్టెంబరుకు ప్రయత్నించటం కంటే, ఆ మధ్యకాలంలో భాష నేర్చుకొని మార్చిలో చేరటం చాలామందికి మేలు.

11.4 భాష – అసలైన ప్రవేశద్వారం

11.4.1 తెలుగు విద్యార్థికి సులువైనవి

కొరియన్ లిపిని 'హంగుల్' అంటారు. సెజోంగ్ రాజు కాలంలో 1443లో దీనిని రూపొందించి, 1446లో ప్రకటించారు. మౌలికమైన అక్షరాలు 24 మాత్రమే – 14 హల్లులు, 10 అచ్చులు. హల్లు, అచ్చు కలిసి ఒక అక్షరపు గడిగా ఏర్పడతాయి. గుణింతాలు తెలిసిన మనకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. శ్రద్ధగా కూర్చుంటే వారం పది రోజుల్లో చదవటం వస్తుంది.

వాక్య నిర్మాణం ఇంకా దగ్గరగా ఉంటుంది. ఈ వాక్యాన్ని చూడండి:

నానున్ – తోసోగ్వాన్‌ఎసో – చేగుల్ – ఇల్గొయో
నేను – గ్రంథాలయంలో – పుస్తకాన్ని – చదువుతాను

రెండు భాషల్లోనూ కర్త మొదట, కర్మ మధ్యలో, క్రియ చివర వచ్చాయి. 'తోసోగ్వాన్' అంటే గ్రంథాలయం. దాని చివర చేరిన 'ఎసో' మన 'లో' వంటి ప్రత్యయం. 'చేక్' అంటే పుస్తకం. దాని చివర చేరిన 'ఉల్' మన 'ని' వంటిది. ఇంగ్లీషు ద్వారా కొరియన్ నేర్చుకునేవారు వాక్యాన్ని తలకిందులు చేసుకోవాలి. తెలుగు ద్వారా నేర్చుకుంటే మాటకు మాట పెట్టుకుంటే చాలు. కాబట్టి కొరియన్ నేర్చుకునేటప్పుడు నోట్సు తెలుగులో రాసుకోండి.

మర్యాద విషయంలోనూ పోలిక ఉన్నది. స్నేహితునితో 'కా' (వెళ్ళు) అంటారు. పెద్దవారితో 'కాసెయో' (వెళ్ళండి) అంటారు. ఎదుటివారి వయసును, హోదాను బట్టి క్రియ మారటం మనకు అలవాటే.

పదజాలంలో ఒక సూత్రం పనికివస్తుంది. తెలుగులో సంస్కృత పదాలు ఉన్నట్లు, కొరియన్‌లో చైనా భాష నుంచి వచ్చిన పదాలు చాలా ఉన్నాయి. వాటి మూలాలు పట్టుకుంటే పదాలు గుంపులుగా వస్తాయి. 'హక్' అంటే చదువు. హక్సెంగ్ – విద్యార్థి, హక్క్యో – బడి, తేహక్క్యో – విశ్వవిద్యాలయం, హక్కి – సెమిస్టర్, హక్చోమ్ – క్రెడిట్, యుహక్ – విదేశంలో చదువు, హ్యుహక్ – చదువుకు విరామం. విద్య అనే మాట నుంచి మనకు విద్యార్థి, విద్యాలయం, విద్యావేత్త వచ్చినట్లే ఇవీ వచ్చాయి.

11.4.2 కష్టమైనవి

మొదటిది ఉచ్చారణ. తెలుగులో త–థ–ద–ధ తేడాలు ఉన్నాయి. కొరియన్‌లో తేడా మరోరకంగా ఉంటుంది: మామూలుగా, ఊపిరి వదిలి, గొంతు బిగించి – ఇలా మూడు విధాలుగా ఒకే వర్గపు హల్లును పలుకుతారు. ఈ మూడింటిని బట్టి 'తల్' వంటి ఒకే మాట చంద్రుడు, ముసుగు, కూతురు అనే మూడు అర్థాలిస్తుంది. మన చెవికి మొదట మూడూ ఒకటే అనిపిస్తాయి. రెండవది వేగం. మాట్లాడేటప్పుడు అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసి మారిపోతాయి. మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది – తరగతి గది భాష. కూరగాయలు కొనే కొరియన్ ఆరు నెలల్లో రావచ్చు. ఆర్థికశాస్త్ర ఉపన్యాసం విని నోట్సు రాసుకునే కొరియన్‌కు అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.

11.4.3 టోపిక్ పరీక్ష

విదేశీయుల కొరియన్ భాషా సామర్థ్యాన్ని కొలిచే ప్రామాణిక పరీక్షను టోపిక్ అంటారు. ఇది 1997లో మొదలైంది. ఇందులో రెండు పరీక్షలు, ఆరు స్థాయిలు ఉంటాయి.

టోపిక్ 1: వినటం, చదవటం. 200 మార్కులు. 80 వస్తే మొదటి స్థాయి, 140 వస్తే రెండో స్థాయి.
టోపిక్ 2: వినటం, రాయటం, చదవటం. 300 మార్కులు. 120 వస్తే మూడో స్థాయి, 150కి నాలుగు, 190కి ఐదు, 230కి ఆరో స్థాయి.

ఫలితం రెండు సంవత్సరాలు చెల్లుతుంది. కొరియన్‌లో బోధించే డిగ్రీలో చేరటానికి సాధారణంగా మూడో స్థాయి అడుగుతారు. పట్టా ఇవ్వటానికి నాలుగో స్థాయి అడిగే విశ్వవిద్యాలయాలు ఎన్నో ఉన్నాయి. ఈ రెండో షరతును చాలామంది పట్టించుకోరు. సబ్జెక్టులన్నీ పాసైనా, నాలుగో స్థాయి రాక పట్టా ఆగిపోయే పరిస్థితి రావచ్చు. కనుక ప్రవేశ అర్హతతో పాటు పట్టాకు కావలసిన అర్హతను కూడా చదవండి.

11.4.4 'ఇంగ్లీషులో బోధన' అంటే ఏమిటి?

కొన్ని సంస్థల్లో బోధన నిజంగానే ఇంగ్లీషులో సాగుతుంది. 1971లో స్థాపించిన కైస్ట్, ఉల్సాన్ నగరంలోని యూనిస్ట్ వంటి శాస్త్ర సాంకేతిక సంస్థలు, యోన్సే విశ్వవిద్యాలయంలోని అండర్‌వుడ్ అంతర్జాతీయ కళాశాల ఇందుకు ఉదాహరణలు. వీటిలో ప్రవేశానికి పోటీ కూడా అంతే గట్టిగా ఉంటుంది.

ఇతర చోట్ల 'ఇంగ్లీషు కోర్సులున్నాయి' అనే మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. డిగ్రీ మొత్తం ఇంగ్లీషులో ఉండటం, విభాగంలో కొన్ని కోర్సులు ఇంగ్లీషులో ఉండటం ఒకటి కాదు. దరఖాస్తుకు ముందు విభాగానికి మూడు ప్రశ్నలు రాసి పంపండి: పట్టాకు కావలసిన మొత్తం క్రెడిట్లు ఎన్ని? వాటిలో ఇంగ్లీషులో లభించేవి ఎన్ని? తప్పనిసరి కోర్సులన్నీ వాటిలో ఉన్నాయా? జవాబు లిఖితపూర్వకంగా తీసుకోండి. ఇంగ్లీషులో బోధించినా బృంద పనిలో తోటివారి చర్చ, విశ్వవిద్యాలయ ప్రకటనలు కొరియన్‌లోనే ఉంటాయని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. తెలుగు, కొరియన్ వాక్య నిర్మాణాల పోలికను ఒక ఉదాహరణతో చూపండి.
2. ప్రవేశానికి, పట్టాకు టోపిక్ స్థాయిల్లో సాధారణంగా ఉండే తేడా ఏమిటి?

11.5 సెమిస్టర్ నడిచే తీరు

మొదటి సెమిస్టర్ మార్చి మొదట్లో ప్రారంభమై జూన్‌లో ముగుస్తుంది. రెండవది సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు. ఒక్కొక్కటి సుమారు 15–16 వారాలు. మధ్యంతర పరీక్షలు ఏప్రిల్‌లో, అక్టోబరులో వస్తాయి. చివరి పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో జరుగుతాయి. వేసవి, శీతాకాల సెలవులు రెండేసి నెలలు. సెలవుల్లో కొద్ది వారాల స్వల్పకాలిక సెమిస్టర్ కూడా ఉంటుంది.

కోర్సుల నమోదు: ఏ కోర్సులు తీసుకోవాలో విద్యార్థి స్వయంగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ముందు వచ్చినవారికి ముందు సీటు. పేరున్న అధ్యాపకుల తరగతులు నిమిషాల్లో నిండిపోతాయి. తత్కాల్ టికెట్ కోసం గడియారం చూస్తూ కూర్చున్న అనుభవం ఉన్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

హాజరు: ఇది చాలా కఠినమైన అంశం. పరీక్షలు బాగా రాసినా, నిర్ణీత పరిమితికి మించి – అనేక చోట్ల తరగతుల్లో నాలుగో వంతు లేదా మూడో వంతు – గైరుహాజరైతే ఆ కోర్సులో ఎఫ్ గ్రేడు ఇస్తారు. హాజరుకు మార్కులు కూడా ఉంటాయి.

గ్రేడులు: సగటును 4.5 లేదా 4.3కు లెక్కిస్తారు. చాలా కోర్సుల్లో పోలిక గ్రేడింగ్ ఉంటుంది. అంటే తరగతిలో ఎంత శాతం మందికి ఏ గ్రేడు ఇవ్వవచ్చో ముందే పరిమితి ఉంటుంది. ఉదాహరణకు 40 మంది ఉన్న తరగతిలో 30 శాతానికి మాత్రమే 'ఏ' ఇవ్వవచ్చనుకుంటే, 12 మందికే ఆ గ్రేడు వస్తుంది. పదమూడో విద్యార్థికి 90 మార్కులు వచ్చినా 'బి' రావచ్చు. మాతృభాషలో రాసే తోటివారితో పోల్చి మీకు గ్రేడు ఇస్తారన్నమాట. కొన్ని విశ్వవిద్యాలయాలు విదేశీ విద్యార్థులను విడిగా అంచనా వేస్తాయి. మీరు చేరబోయే చోట ఏ పద్ధతి ఉన్నదో తెలుసుకోవాలి.

బృంద పని: నలుగురైదుగురు కలిసి ఒక అంశంపై పనిచేసి తరగతిలో సమర్పించటం సర్వసాధారణం. సరిగా మాట్లాడలేని విద్యార్థిని బృందంలో చేర్చుకోవటానికి ఇతరులు వెనకాడవచ్చు. ఇటువంటప్పుడు మౌనంగా ఉండకుండా సమాచార సేకరణ, చిత్రాలు, పట్టికల తయారీ వంటి పనిని ముందే అడిగి తీసుకోవటం మంచిది.

తోటి విద్యార్థులు: ముందుగా చేరినవారిని 'సొన్‌బే' అని, తరవాత చేరినవారిని 'హుబే' అని అంటారు. సొన్‌బే పాత నోట్సు ఇవ్వటం, భోజనం పెట్టించటం ఆనవాయితీ. 'తొంగారి' అనే విద్యార్థి సంఘాల్లో చేరితే భాష త్వరగా వస్తుంది. తరగతిలో మీకంటే వయసులో పెద్దవారైన అబ్బాయిలు కనిపిస్తారు. కొరియా యువకులకు సైనిక సేవ తప్పనిసరి. పదాతిదళంలో అది 18 నెలలు. అందుకోసం చాలామంది మధ్యలో 'హ్యుహక్' అంటే విరామం తీసుకొని తిరిగి వస్తారు.

ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. కొరియా విద్యార్థికి హ్యుహక్ మామూలు విషయం. విదేశీ విద్యార్థికి అలా కాదు. అతని వీసాకు ఆధారం చదువే కనుక, విరామం తీసుకుంటే సాధారణంగా దేశం విడిచి వెళ్ళవలసి ఉంటుంది. స్నేహితులు తీసుకుంటున్నారని మీరూ విరామానికి దరఖాస్తు పెట్టకూడదు. ముందుగా అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని సంప్రదించాలి.

11.6 వీసా, ఖర్చు, పని

డిగ్రీ విద్యార్థికి డి-2 రకం వీసా ఇస్తారు. దేశంలో ప్రవేశించిన 90 రోజుల్లోగా నివాస కార్డు కోసం నమోదు చేసుకోవాలి. 2021 మార్చి నుంచి విదేశీ విద్యార్థులు జాతీయ ఆరోగ్య బీమాలో తప్పనిసరిగా చేరాలి. దీనికి నెలనెలా చందా కట్టాలి. వీసా పొడిగించే సమయంలో హాజరును, మార్కులను పరిశీలిస్తారు.

వీసాకు బ్యాంకు నిల్వ చూపాలి. 2023 జూలైలో ఈ మొత్తాన్ని డిగ్రీ విద్యార్థులకు 2 కోట్ల వాన్లుగా, రాజధాని ప్రాంతం వెలుపలి విశ్వవిద్యాలయాలకు 1 కోటి 60 లక్షల వాన్లుగా నిర్ణయించారు. వాన్ కొరియా కరెన్సీ. వెయ్యి వాన్లు సుమారు 60 రూపాయలు. ఈ లెక్కన 2 కోట్ల వాన్లు దాదాపు 12 లక్షల రూపాయలు. మీరు దరఖాస్తు చేసే సమయానికి అమల్లో ఉన్న మొత్తాన్ని రాయబార కార్యాలయం ప్రకటనలో సరిచూసుకోవాలి.

ఫీజు: 2024లో నాలుగేళ్ళ విశ్వవిద్యాలయాల్లో సగటు వార్షిక ట్యూషన్ ఫీజు ప్రైవేటు సంస్థల్లో సుమారు 76 లక్షల వాన్లు, జాతీయ, ప్రభుత్వ సంస్థల్లో సుమారు 42 లక్షల వాన్లు. ఇంజినీరింగ్, వైద్యం, కళల విభాగాల్లో ఇంకా ఎక్కువ. విదేశీ విద్యార్థులకు వేరుగా ఫీజు నిర్ణయించే సంస్థలూ ఉన్నాయి.

వసతి: విశ్వవిద్యాలయ హాస్టల్ చవక. అది దొరకకపోతే 'గోషివోన్' అనే చిన్న గదులు గాని, 'వన్‌రూమ్' అనే ఒంటిగది ఇళ్ళు గాని తీసుకుంటారు. వన్‌రూమ్‌కు నెల అద్దెతో పాటు పెద్ద మొత్తంలో అడ్వాన్సు కట్టాలి. గది నేల కింది నుంచి వేడి వచ్చే ఏర్పాటు ఉంటుంది. సియోల్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉంటుంది కాబట్టి, వేడికయ్యే ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. శాకాహారులు మరో విషయం తెలుసుకోవాలి. కూరగాయల పచ్చడిలా కనిపించే 'కిమ్చీ'లో సాధారణంగా చేపల ద్రవం గాని, ఉప్పు రొయ్యలు గాని కలుపుతారు.

పని చేసి ఫీజు కట్టుకోవచ్చా? ఇది విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న. లెక్క వేసి చూద్దాం. 2025లో కొరియాలో కనీస వేతనం గంటకు 10,030 వాన్లు. ఒక విద్యార్థి సెమిస్టర్ 16 వారాల పాటు వారానికి 20 గంటలు పని చేశాడనుకుందాం.

10,030 × 20 × 16 = 32,09,600 వాన్లు

ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టర్ సగటు ఫీజు (76 లక్షల్లో సగం) = 38 లక్షల వాన్లు

అంటే ఒక్కరోజు కూడా మానకుండా పని చేసినా ఆ సంపాదన ఫీజుకే చాలదు. గది అద్దె, తిండి, బీమా ఇంకా మిగిలే ఉన్నాయి. పైగా పని చేయటానికి ఇమ్మిగ్రేషన్ కార్యాలయం అనుమతి ముందుగా తీసుకోవాలి. ఎన్ని గంటలు పని చేయవచ్చన్నది చదువు స్థాయిని, టోపిక్ స్థాయిని బట్టి ఉంటుంది. భాష రానివారికి గంటలూ తక్కువే, దొరికే పనులూ తక్కువే. భాషా శిక్షణకు డి-4 వీసాపై వెళ్ళినవారు మొదటి ఆరు నెలలు పనికి అర్హులు కారు. అనుమతి లేకుండా పని చేస్తే జరిమానా, చివరకు దేశం నుంచి పంపివేయటం వరకు వెళ్ళవచ్చు. కాబట్టి పార్ట్‌టైమ్ సంపాదనను చేతి ఖర్చుగా మాత్రమే లెక్కించాలి. ఫీజు కోసం దానిపై ఆధారపడి అప్పు చేయటం ప్రమాదకరం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3
1. జాతీయ విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థి వారానికి 10 గంటలు మాత్రమే పని చేస్తే, 16 వారాల సంపాదన ఒక సెమిస్టర్ ఫీజుకు సరిపోతుందా? లెక్క వేయండి.

11.7 దూరవిద్య అభ్యాసకులు ప్రత్యేకంగా గమనించవలసినవి

దూరవిద్య కొరియాకు కొత్త కాదు. ఆ దేశపు జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1972లో మొదలైంది. మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడింది. అయితే ప్రవేశాల విషయంలో మీరు కొన్ని అంశాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, పాఠశాల విద్య. డిగ్రీలో చేరటానికి 12 సంవత్సరాల క్రమబద్ధమైన చదువును కొరియా విశ్వవిద్యాలయాలు కోరతాయి. ప్రవేశ అర్హత పరీక్ష ద్వారా నేరుగా డిగ్రీలో చేరినవారికి ఇక్కడ ఇబ్బంది రావచ్చు. అటువంటివారు తమ విద్యా చరిత్రను వివరంగా రాసి, దరఖాస్తు రుసుము కట్టేముందే ప్రవేశాల కార్యాలయం అభిప్రాయం తీసుకోవాలి.

రెండవది, పట్టా గుర్తింపు. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన దూరవిద్యా డిగ్రీ మన దేశంలో సాధారణ డిగ్రీతో సమానం. విదేశీ విశ్వవిద్యాలయం మాత్రం తన నిర్ణయం తాను తీసుకుంటుంది. డిగ్రీ ఇక్కడే పూర్తిచేసి, ఆ మూడేళ్ళలో కొరియన్ నేర్చుకొని, పీజీకి ప్రయత్నించటం మీలో చాలామందికి ఖర్చు తక్కువ, భద్రత ఎక్కువ ఉన్న దారి. ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఇది మరీ అనుకూలం.

మూడవది, పత్రాలు. మార్కుల జాబితాలకు, పట్టాకు 'అపోస్టిల్' ముద్ర వేయించాలి. ఇది ఒక దేశపు పత్రాన్ని మరో దేశం నమ్మటానికి ఏర్పడిన అంతర్జాతీయ పద్ధతి. భారత్, కొరియా రెండూ ఈ ఒప్పందంలో ఉన్నాయి. ముందుగా రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, తరవాత విదేశీ వ్యవహారాల శాఖ ముద్ర అవసరం. దీనికి వారాలు పడుతుంది. పదో తరగతి ధ్రువపత్రంలో, పాస్‌పోర్టులో, మార్కుల జాబితాలో ఇంటిపేరు ఒకే విధంగా ఉన్నదో లేదో ఇప్పుడే చూసుకోండి. మన పత్రాల్లో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం సాధారణం. అక్కడి కార్యాలయాలకు అవి ఇద్దరు మనుషుల పేర్లుగా కనిపిస్తాయి.

నాలుగవది, అభ్యాస పద్ధతి. సొంతంగా చదువుకోవటం మీకు ఇప్పటికే అలవాటు. భాషను నేర్చుకోవటంలో ఈ అలవాటు మీకు బలం. అయితే కొరియాలో వారానికి ఐదు రోజులు తరగతిలో కూర్చోవాలి. హాజరు తప్పదు. ఇంటి బాధ్యతలు, చేస్తున్న ఉద్యోగం వదిలి నాలుగేళ్ళు దూరంగా ఉండగలనా అన్నది మీరే నిజాయితీగా తేల్చుకోవాలి.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఇంటి దగ్గరే ఆరు నెలలు రోజూ గంట సేపు కొరియన్ చదివి, టోపిక్ 1 రాయండి. రెండో స్థాయి వస్తే ముందుకు వెళ్ళటానికి మీకు ఆధారం దొరికినట్లే. రాకపోతే మీరు పోగొట్టుకునేది పరీక్ష రుసుము మాత్రమే. అదే విషయం కొరియా వెళ్ళిన తరవాత తెలిస్తే లక్షల్లో నష్టం.

11.8 సారాంశం

జననాల రేటు తగ్గటంతో కొరియా విదేశీ విద్యార్థులను పెద్ద సంఖ్యలో ఆహ్వానిస్తున్నది. భాషా శిక్షణ, మార్పిడి, నేరుగా డిగ్రీ, ప్రభుత్వ ఉపకార వేతనం ముఖ్యమైన మార్గాలు. సీటు దొరకటం కంటే కొరియన్ భాషలో చదివి నెగ్గటం కష్టం. లిపి, వాక్య నిర్మాణం, మర్యాద రూపాలు తెలుగువారికి దగ్గరగా ఉంటాయి. ఉచ్చారణకు, తరగతి గది భాషకు దీర్ఘకాలం సాధన కావాలి. హాజరు, గ్రేడులు, పని గంటలు, వీసా పొడిగింపు అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. చదువుతూ చేసే పనితో ఫీజు తీరదు. దూరవిద్య అభ్యాసకులు తమ అర్హతను లిఖితపూర్వకంగా నిర్ధారించుకొని, పత్రాలను ముందే సిద్ధం చేసుకోవాలి.

11.9 కీలక పదాలు

అపోస్టిల్: ఒక దేశపు ధ్రువపత్రం నిజమైనదని మరో దేశం అంగీకరించటానికి వేసే అధికారిక ముద్ర.
టోపిక్: విదేశీయుల కొరియన్ భాషా సామర్థ్య పరీక్ష. ఆరు స్థాయిలు.
పోలిక గ్రేడింగ్: తరగతిలోని ఇతరులతో పోల్చి, నిర్ణీత శాతాల ప్రకారం గ్రేడు ఇచ్చే పద్ధతి.
సునుంగ్: కొరియా విద్యార్థుల కళాశాల ప్రవేశ పరీక్ష.
హంగుల్: కొరియన్ లిపి.
హ్యుహక్: చదువుకు తాత్కాలిక విరామం.

11.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1–1. పేరున్న సియోల్ విశ్వవిద్యాలయాలకు పోటీ ఉంది. కళాశాల వయసువారు తగ్గటంతో రాజధానికి దూరంగా ఉన్నవాటిలో సీట్లు మిగులుతున్నాయి.
2–1. రెండింటిలోనూ క్రియ చివర వస్తుంది. విభక్తి నామవాచకం చివర చేరుతుంది. ఉదా: చేగుల్ ఇల్గొయో – పుస్తకాన్ని చదువుతాను.
2–2. ప్రవేశానికి సాధారణంగా మూడో స్థాయి, పట్టాకు అనేక చోట్ల నాలుగో స్థాయి.
3–1. 10,030 × 10 × 16 = 16,04,800 వాన్లు. సెమిస్టర్ సగటు ఫీజు సుమారు 21 లక్షల వాన్లు. సరిపోదు.

11.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కొరియా విశ్వవిద్యాలయంలో చదవదలచిన విద్యార్థికి భాష ఎందుకు కీలకమో ప్రవేశం, గ్రేడులు, పని, పట్టా అనే నాలుగు కోణాల నుంచి చర్చించండి.
2. కొరియాలో చేరే వివిధ మార్గాలను పోల్చి, మీ పరిస్థితికి సరిపోయేదాన్ని కారణాలతో వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పోలిక గ్రేడింగ్ అంటే ఏమిటి?
2. హ్యుహక్ విషయంలో కొరియా విద్యార్థికి, విదేశీ విద్యార్థికి ఉన్న తేడా ఏమిటి?
3. దూరవిద్య అభ్యాసకులు దరఖాస్తుకు ముందు సరిచూసుకోవలసిన అంశాలేవి?